డెట్రాయిటులో ఒక పాత స్టేషన్ వ్యాగను

డెట్రాయిటు నగరానికి ఉత్తరంగా రాయల్ ఓక్ అనే ఊరు ఉన్నది. మా అమ్మాయి కాపురం అక్కడ. 2023 వేసవిలో మూడు మాసాలపాటు నేను ఆ ఊళ్ళో ఉన్నాను. తిరిగి హుబ్బళ్ళి చేరగానే అందరూ అడిగినది నయాగరా జలపాతం గురించే. చూచానని చెప్పి ఊరుకున్నాను. కాని నిజం చెప్పాలంటే, ఆ మూడు మాసాలలో నేను మనసు పెట్టి చూచినది పక్కింటి షెడ్డులోని ఒక పాత మోటారు బండిని. రైల్వే కార్ఖానాలో పెట్టెల మరమ్మతు చేసి పింఛను పుచ్చుకుంటున్నవాడికి ఇంతకన్న మంచి బుద్ధి ఎలా పుడుతుందని మా ఇంట్లో వారి అభిప్రాయం. ఏమైనా, ఆ బండి కథ మన పాఠకులకు చెప్పదగినదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ముందు ఆ చోటు సంగతి. అక్కడ పెద్ద రోడ్లకు పేర్లు గుర్తు పెట్టుకోవడం తేలిక. ఎనిమిదో మైలు రోడ్డు, తొమ్మిదో మైలు రోడ్డు, పదో మైలు రోడ్డు అని తూర్పు పడమరలుగా మైలుకొకటి చొప్పున పోతాయి. ఎనిమిదో మైలు రోడ్డుతో డెట్రాయిటు నగరం పొలిమేర ముగుస్తుంది. వీటన్నిటినీ ఏటవాలుగా కోసుకుంటూ, నదీతీరం నుంచి పాంటియాక్ ఊరిదాకా సుమారు 27 మైళ్ళు సాగే రాజమార్గం వుడ్వర్డ్ అవెన్యూ. ఈ దారి పక్కనే హైలాండ్ పార్కులో ఫోర్డు కార్ఖానా ఉండేది. కదిలే పట్టా మీద బండిని ముందుకు జరుపుతూ, మనుషులు నిలుచున్నచోటనే నిలిచి తలా ఒక పని చేసే పద్ధతిని మోటారు కార్లకు 1913లో అక్కడే పెట్టారు. 1909లో ఇదే దారిలో ఆరో మైలుకూ ఏడో మైలుకూ నడుమ ఒక మైలు మేర కాంక్రీటు వేశారు. కాంక్రీటు రహదారులలో అదే తొలి మైలని ఆ ఊరివారు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

ఆ నేల కింద మరొక వింత ఉన్నది. డెట్రాయిటు నగరం అడుగున, వెయ్యి అడుగులకు పైగా లోతున, ఉప్పు గని ఉన్నది. చలికాలంలో రోడ్ల మీద మంచు గడ్డకట్టినప్పుడు దానిని కరిగించడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు చక్రాలతో ఎగిరి బండి అడుగున, మూలమూలలా చేరి ఇనుమును తినివేస్తుంది. పైన కార్లు తయారు చేసే ఊరు, కింద ఆ కార్లను కొరికి తినే ఉప్పు. ఈ రెండూ ఒకేచోట పెట్టిన దేవుడికి హాస్యప్రియత్వం లేదని ఎవరనగలరు?

నేను వెళ్ళిన రెండో వారంలో ఒకనాటి ఉదయం మా మనవడు పరుగెత్తుకొని వచ్చాడు.

"తాతయ్యా, పక్కింటి తాత కారులో ఇరుక్కుపోయాడు! కాళ్ళు మాత్రమే కనపడుతున్నాయి!"

చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళి చూచాను. షెడ్డులో లేత ఆకుపచ్చ రంగు బండి ఒకటి, దాదాపు పదిహేడున్నర అడుగుల పొడుగున, ఓడలాగు నిలిచి ఉన్నది. పక్క తలుపులు నాలుగూ తెరిచి ఉన్నాయి. వెనక సీటు మీదుగా రెండు కాళ్ళు వేలాడుతున్నాయి. ఆ కాళ్ళ యజమాని లోపల వెల్లకిలా పడుకొని, వెనక తలుపు లోపలి రేకుకు ఉన్న స్క్రూలను ఒక్కొక్కటిగా విప్పుతున్నారు.

"మీకేమైనా సహాయం కావాలా?" అన్నాను.

"కావాలి. ఈ స్క్రూలను ఈ డబ్బాలో వేస్తూ ఉండండి. ఒక్కటి పోయినా నా ప్రాణం పోయినట్టే" అని లోపలి నుంచి జవాబు వచ్చింది.

మా పరిచయం అలా మొదలైంది. ఆయన బడిపంతులుగా పనిచేసి విరమించిన పెద్దమనిషి. ఆ బండిని 1964లో ఆయన తండ్రి కొత్తగా కొన్నారట. అది ఏ కంపెనీదో చెప్పనక్కరలేదు. ఆనాటి పెద్ద కంపెనీల వ్యాగన్లన్నిటికీ వెనక తలుపు కథ ఒక్కటే.

స్టేషన్ వ్యాగను అనే పేరులోని స్టేషను మన రైలు స్టేషనే. కార్లు కొత్తగా వచ్చిన రోజులలో రైలు దిగిన ప్రయాణీకులనూ వారి పెట్టె బేడలనూ హోటళ్ళకు చేర్చడానికి, మోటారు చట్రం మీద వడ్రంగులు కొయ్యతో పొడుగాటి గూడు కట్టేవారు. స్టేషనుకు పోయి వచ్చే బండి గనుక స్టేషన్ వ్యాగను అయింది. ఈ సంగతి విన్నప్పుడు జీవితమంతా స్టేషన్ల చుట్టూ తిరిగిన నాకు ఆ బండి మీద చుట్టరికం ఏర్పడింది.

కొన్నాళ్ళకు ఊళ్ళలోని సంసారులు కూడా దీనిని కొనసాగారు. 1929లో ఫోర్డు కంపెనీ తన మోడల్ ఏ బండిలో దీనిని పెద్ద ఎత్తున తయారు చేయించింది. మిచిగన్ రాష్ట్రపు ఉత్తర భాగంలో, అయన్ మౌంటెన్ దగ్గర ఆ కంపెనీకి సొంత అడవులూ, సొంత కోతమిల్లులూ ఉండేవి. కోతలో మిగిలిన తుక్కు కొయ్యను కూడా పారవేయక బొగ్గు ఇటుకలుగా చేసి అమ్మేవారు. ఆ మిల్లుల పక్కన వెలసిన కింగ్స్‌ఫర్డ్ అనే ఊరి పేరుతోనే ఆ బొగ్గు నేటికీ అమెరికాలో అమ్ముడుపోతున్నది.

కొయ్య బండి అందమైనదే గాని దానిని పోషించడం ఏనుగును పోషించడమే. కీళ్ళు వదులైతే బిగించాలి. ఏటా వార్నిషు పూయాలి. అలక్ష్యం చేస్తే వానకు నాని పుచ్చిపోతుంది. అందుకనే రెండో ప్రపంచ యుద్ధం తరువాత కొయ్య పోయి ఉక్కు వచ్చింది. 1946లో విల్లీస్ కంపెనీ జీపు వ్యాగను, 1949లో ప్లిమత్ కంపెనీ సబర్బన్ పూర్తిగా ఉక్కు రేకుతో వచ్చాయి. నిజమైన కొయ్యతో పెద్ద కంపెనీలు చేసిన వ్యాగన్లలో ఆఖరిది 1953 నాటి బ్యూయిక్. ఆ తరువాత కొయ్య మీది మమకారం తీరనివారి కోసం ఉక్కు రేకు మీద కొయ్య బొమ్మ ఉన్న కాగితంలాంటి ప్లాస్టిక్కును అంటించేవారు. ఫోర్డు వారి కంట్రీ స్క్వయర్ ఆ వేషంతోనే 1991 దాకా నడిచింది.

ప్లిమత్, డాడ్జి అనే పేర్లు మనలో పెద్దవారికి కొత్తవి కావు. బొంబాయిలో కుర్లా దగ్గర ప్రీమియర్ కంపెనీ వారు 1947 నుంచి ఆ బండ్లను కూర్చి అమ్మేవారు.

ఇక మన బండి దగ్గరకు వద్దాము. దాని వెనక భాగంలో కిందికి పడే తలుపు ఒకటి ఉన్నది. ఎద్దుబండి వెనక పలకలాగు అది కిందికి వాలితే పెట్టెలు ఎక్కించవచ్చు. తలుపు పైభాగాన వెడల్పాటి అద్దం. ఆ అద్దం విద్యుత్తుతో జారి తలుపు కడుపులోకి దిగుతుంది. ముందు అద్దం పూర్తిగా దిగాలి. అప్పుడు లోపలి పిడి తిప్పితే తలుపు వాలుతుంది. అద్దం దిగకపోతే తలుపు తెరుచుకోదు. ఆ అద్దాన్ని ఎక్కించి దించే మోటారేమో తలుపు లోపలే ఉన్నది. తాళం చెవిని పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నట్టు లేదూ? అందుకనే పంతులుగారు సీట్ల మీదుగా పాక్కుంటూ పోయి లోపలి నుంచి రేకు విప్పవలసి వచ్చింది.

వారి అద్దం మూడంగుళాల సందు వదిలి నిలిచిపోయింది. పైకి పోదు, కిందికి రాదు. మూడంగుళాల సందే కదా అని నేనన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఇంట్లో కిటికీ వేరు, దీని వెనక కిటికీ వేరు. బండి వేగంగా ముందుకు పోతుంటే దాని వీపు వెనక గాలి పలచబడి సుడి తిరుగుతుంది. పొగగొట్టంలోంచి వచ్చిన పొగ ఆ సుడిలో చిక్కుకొని, తెరిచిన అద్దంలోంచి లోపలికే వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. పిల్లలు నిద్రపోతున్నారనుకుంటాము" అన్నారు.

వెనకకు తిరిగి కూర్చునే మూడో వరుస సీటు కూడా ఆ బండిలో ఉన్నది. చిన్నతనంలో ఆయన చోటు అదే. వేసవి సెలవులలో తండ్రి బండి నడుపుతుంటే, తాను దాటిపోయిన దారిని చూస్తూ కూర్చునేవారట. ఇప్పుడు ఆయన కోరిక ఒక్కటే. పన్నెండేళ్ళ మనవడినీ, పదేళ్ళ మనవరాలినీ ఆ బండిలో ఎక్కించుకొని ఆగస్టు మూడో శనివారం నాడు వుడ్వర్డ్ దారిలో తిప్పాలి. 1995లో మొదలైన పాత కార్ల ఊరేగింపు ఆనాడు అక్కడ జరుగుతుంది. ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా పదహారు మైళ్ళు పాత బండ్లే బండ్లు.

అయితే ఆయన కోడలు అంతకు ముందు ఏడే పిల్లలను ఆ బండి ఎక్కనివ్వనని చెప్పివేసింది. "వెనక అద్దం మూతపడాలి. పిల్లలకు బెల్టులు ఉండాలి. బ్రేకు సంగతి ఎవరైనా తెలిసినవారు చూడాలి. ఈ మూడూ అయితే పంపుతాను" అన్నదట. ఆ అమ్మాయి చెప్పినదాంట్లో తప్పేమున్నదని పంతులుగారు కూడా ఒప్పుకున్నారు. కాని మాట పట్టింపు తెలుస్తూనే ఉన్నది. జూన్ నెల నడుస్తున్నది. ఆగస్టుకు రెండు మాసాలే గడువు.

మొదట విద్యుత్తు దారిని వెతికాము. బల్బు కట్టిన రెండు తీగలతో ముందు నుంచి వెనకకు ఒక్కొక్క చోటే చూచుకుంటూ పోవడం ఆయన పద్ధతి. ముందు బల్లలోని మీట దగ్గర బల్బు వెలిగింది. వెనక తలుపు కీలు దగ్గరదాకా వెలిగింది. కీలు దాటితే లేదు. అరవై సంవత్సరాలుగా తలుపు తెరిచినప్పుడల్లా అక్కడ తీగ వంగింది, లేచింది. పైన తొడుగు చెక్కుచెదరలేదు. లోపల రాగి తెగిపోయింది. తెగినచోట మెలివేసి గుడ్డ పట్టీ చుడితే నాలుగు నాళ్ళలో మళ్ళీ తెగుతుంది. అందుచేత జానెడు పాత తీగను తీసివేసి, సన్నటి పోగులు ఎక్కువగా ఉండి మెత్తగా వంగే కొత్త తీగను సోల్డరింగు చేసి అతికారు. అతుకు కీలు మీదకు రాకుండా పక్కకు పెట్టారు. ఈ ఒక్క జాగ్రత్త తెలిసినవాడే మేస్త్రీ.

మోటారు గుర్రుమన్నది గాని అద్దం వంకరగా రెండంగుళాలు కదిలి మళ్ళీ నిలిచింది. పాత గ్రీజు కాలక్రమాన మైనంలాగు గడ్డకట్టింది. అద్దం జారే గాడిలోని బొంతగుడ్డ గట్టిపడి చెక్కలాగు అయింది. కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు రాసి, గాడి గుడ్డ మార్చాము. పదిహేను రోజుల తరువాత ఒకనాటి సాయంత్రం అద్దం నెమ్మదిగా తలుపు కడుపులోకి దిగింది. పంతులుగారు పిడి తిప్పారు. తలుపు వాలింది. తలుపు అడుగు నుంచి దోసెడు కుళ్ళిన ఆకులూ, ఎర్రటి తుప్పు పొట్టూ రాలి పడ్డాయి.

అసలు జబ్బు అప్పుడు బయటపడింది. అద్దానికీ రేకుకూ నడుమనున్న రబ్బరు బీడింగు ఎంత బాగున్నా వాననీరు కొంత లోపలికి జారక మానదు. అది తెలిసే కంపెనీవారు తలుపు అడుగున నీరు పోవడానికి చిన్న తూములు పెడతారు. ఎన్నడో ఎవరో ఒక మెకానిక్కు వాటిని తుప్పు పట్టిన చిల్లులని అనుకొని మట్టుపట్టి మూసివేశాడు. పాపం, చిల్లులు మూస్తే నీరు రాదనుకున్నాడు. వచ్చిన నీరు పోలేక లోపలే నిలిచి రేకును తినివేసింది.

నాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది. మా రైలు పెట్టెలకూ సరిగ్గా ఇదే జబ్బు. కిటికీల కింద రేకు తుప్పు పట్టిందంటే, ముందుగా తూములు ఎక్కడ మూసుకుపోయాయో చూడమని మా పెద్ద మేస్త్రీ చెప్పేవారు. నీటిని రానివ్వకుండా చేయడం మన తరము కాదు, వచ్చిన నీటికి దారి ఇవ్వడం మన పని, అని ఆయన మాట. ఆ మాటను పంతులుగారికి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన సుద్దముక్క తీసుకొని షెడ్డు గోడ మీద వ్రాసుకున్నారు.

తలుపు అడుగు రేకు కొత్తది కొందామని చూస్తే ఎక్కడా లేదు. ఆ బండికి ముందు భాగంలోని సామానంతా కేటలాగుల్లో దొరుకుతుంది. ముందు రెక్కలు, దీపాలు, బ్రేకు షూలు, కార్బురేటరు సామాను, అన్నీ ఉత్తరం వ్రాస్తే ఇంటికి వస్తాయి. ముందు తలుపులకు వెనక వచ్చే సామాను మాత్రం లేదు. కారణమేమిటని అడిగాను.

"ముందు సగం మామూలు కార్లకూ దీనికీ ఒక్కటే. ఆ కార్లను ముచ్చటపడి దాచుకున్నవారు వేలమంది ఉన్నారు గనుక సామాను మళ్ళీ చేస్తున్నారు. వ్యాగనును ఎవరు దాచారు? పిల్లలనూ కుక్కలనూ ఎక్కించారు. సిమెంటు బస్తాలు మోయించారు. అరిగిపోయాక తుక్కుకు అమ్మారు. ఇంకా కొన ఊపిరి ఉన్నవాటిని తిరునాళ్ళలో ఒకదానికొకటి గుద్దించే పందేలకు తోలారు. గట్టి బండ్లు కదా, ఆ పందేలకు వీటినే వెతికి తెచ్చేవారు" అన్నారు ఆయన.

తక్కిన కథ నేను తరువాత తెలుసుకున్నాను. 1973లో పెట్రోలు కరువు వచ్చింది. లీటరుకు అయిదారు కిలోమీటర్లు పోయే ఈ ఏనుగులు భారమైనాయి. 1975లో కార్లకు మైలేజీ నియమం చట్టమైంది. 1983 చివర క్రైస్లర్ కంపెనీ మినీ వ్యాను తెచ్చింది. దానికీ, ఆ తరువాతి పెద్ద జీపు తరహా బండ్లకూ లారీల లెక్కలో సడలింపు దొరికింది. సంసారులంతా అటు మళ్ళారు. పెద్ద అమెరికా వ్యాగన్లలో చివరివి 1996లో ఆగిపోయాయి.

ఆ రాత్రి నాకు మా ఇంటి ట్రంకు పెట్టె జ్ఞాపకం వచ్చింది. అందులో మా అమ్మమ్మ పెళ్ళిపట్టుచీర ఉన్నది. జరీ నల్లబడినా చీర చీరగానే ఉన్నది. ఆమె రోజూ కట్టుకున్న నేతచీర ఒక్కటైనా లేదు. అవి మా మీద కప్పిన దుప్పట్లయి, బొంతలయి, చివరకు వంటింటి మసిగుడ్డలయి పోయాయి. వెండి చెంబు బీరువాలో ఉన్నది, నీళ్ళు కాచిన ఇత్తడి గుండిగ పాత సామానువాడికి పోయింది. మన ముందుతరాలవారు ఊరు వదిలి వచ్చేటప్పుడు తెచ్చిన మాటలలో కూడా పెళ్ళిమాటలూ, పూజమాటలూ నిలిచాయి. పెరటిమాటలూ, పశువుల కొట్టం మాటలూ జారిపోయాయి. ఎక్కువ వాడిన వస్తువే తక్కువ మిగులుతుంది కాబోలు.

యాభై మైళ్ళ దూరాన పాత బండ్ల దిబ్బ ఒకటి ఉన్నదని విని ఇద్దరమూ వెళ్ళాము. గడ్డిలో వరుసలు వరుసలుగా బండ్లు. రెండు గంటలు తిరిగితే ఆనాటి వ్యాగను ఒక్కటి కనపడింది. దాని అడుగు రేకు మన బండి రేకుకన్న అన్యాయంగా ఉన్నది. ఉప్పు ఊరిలో ఇంతకన్న ఏమి దొరుకుతుంది? అరిజోనావంటి ఎండ దేశంలో తుప్పు లేని తలుపు దొరుకుతుందట గాని, దానిని తెప్పించే ఖర్చు వినగానే పంతులుగారు నిట్టూర్చారు. లోపలి పిడి ఒకటి, మంచి బీడింగు ముక్క ఒకటి విప్పుకొని తిరిగి వచ్చాము.

ఇక చేతితో చేసుకోవడమే గతి. ఈ పనిలో నేను కొంచెం అక్కరకు వచ్చానని చెప్పుకోవడానికి సంతోషిస్తున్నాను. అట్టముక్కను తలుపు అడుగున పెట్టి కొలత తీశాము. అట్ట సరిపోయాక దాని ప్రకారం రేకు కత్తిరించి, ఇనుప కోణానికి బిగించి, కొయ్య సుత్తితో కొద్దికొద్దిగా వంచాము. తుప్పు పట్టినదంతా కోసివేసి, మెరిసే ఇనుము కనపడేదాకా రుద్దాము. వెల్డింగు ఒక్క సాగుగా చేస్తే వేడికి రేకు అప్పడంలాగు ముడుచుకుంటుంది. కనుక ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టి, చల్లారనిచ్చి, నడుమ మరొక చుక్క పెట్టాలి. మూడు దినాలు పట్టింది. చివర కొత్త రేకుకు మేమే నాలుగు తూములు తొలిచాము. లోపల తుప్పు మందు పూసి, తూములు మూసుకుపోలేదని ఇనుప పుల్లతో చూచుకున్నాము.

కోడలమ్మ చెప్పిన తక్కిన రెండు పనులు కూడా తరువాయి లేకుండా జరిగాయి. 1964 నాటి బండిలో నాలుగు చక్రాల బ్రేకులకూ నూనె పంపే సిలిండరు ఒక్కటే, దాని దారి ఒక్కటే. ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు. 1967 నమూనాల నుంచి పెద్ద కంపెనీలు రెండు దారులు పెట్టాయి, 1968 నుంచి అది చట్టమైంది. పంతులుగారు ఆ పద్ధతి సిలిండరు తెప్పించి, తెలిసిన మెకానిక్కు చేత వేయించి, రబ్బరు గొట్టాలన్నీ మార్పించారు. పెట్రోలు గొట్టాలు కూడా మార్చారు. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తున్నది గనుక ఆనాటి రబ్బరు దానికి ఆగదు. మన దేశంలోనూ కలుపుతున్నారు, పాత బండ్లు ఉన్నవారు ఈ సంగతి గమనించాలి. రెండో వరుస సీటుకు బెల్టులు బిగించారు. నేలరేకు చిరగకుండా అడుగున గట్టి పలకలు పెట్టి మరీ బిగించారు.

చివరి పరీక్ష వెనక తలుపుదే. బీడింగు నలువైపులా గట్టిగా పట్టిందో లేదో తెలియాలి. అప్పుడు నా తెలివితేటలు ప్రదర్శించబోయాను. మా ఇంటికి పోయి అగరువత్తి వెలిగించి తెచ్చి, "దీని పొగ ఎటు పోతే అక్కడ సందు ఉన్నట్టు" అన్నాను.

పంతులుగారు రెండు చేతులూ అడ్డం పెట్టారు. "అయ్యా! మీరు నిలుచున్నచోటనే, ఈ నేలరేకు కిందనే పెట్రోలు ట్యాంకు ఉన్నది!"

నలభై ఏళ్ళు కార్ఖానాలో పనిచేసినవాడిని. సిగ్గుపడి అగరువత్తి తీసుకుపోయి మా తులసికుండీ దగ్గర గుచ్చాను. మా అమ్మాయి ఆనాటి నుంచి నన్ను చూచినప్పుడల్లా, "నాన్నా, ఇవాళ ఎవరి కారుకు ధూపం వేస్తున్నారు?" అని అడుగుతుండేది.

చివరకు కాగితం ముక్కతో పరీక్షించాము. తలుపు మూసేటప్పుడు బీడింగుకూ రేకుకూ నడుమ కాగితం పెట్టి, మూశాక లాగాలి. బిగువుగా వస్తే మంచిదే. ఊరికే జారివస్తే అక్కడ సందు ఉన్నట్టు. కుడి మూల ఒక్కచోట జారింది. బీడింగు కింద పలచటి పట్టీ వేసి సరిచేశాము. ఆ తరువాత గొట్టంతో నీళ్ళు పోయించి, నేను లోపల కూర్చున్నాను. ఒక్క చుక్కైనా లోపలికి రాలేదు. తలుపు అడుగున ఉన్న నాలుగు తూముల నుంచీ నీరు సన్నటి ధారలుగా కారింది. ఆ ధారలను చూచి ఇద్దరు ముసలివాళ్ళము చప్పట్లు కొట్టాము.

2023 ఆగస్టు 19వ తేదీ మూడో శనివారం. కోడలమ్మ వచ్చి తానే అద్దం ఎక్కించి దించి చూచింది. బెల్టులు లాగి చూచింది. బ్రేకు తొక్కి చూచింది. ఆ తరువాత మామగారితో, "పిల్లలు రెండో వరుసలో కూర్చుంటారు. మూడో వరుసలో కాదు" అన్నది.

ఆయన ముఖం చిన్నబోయింది. ఆయన కోరిక అంతా ఆ మూడో వరుస మీదనే గదా! ఒక నిమిషం ఏమీ అనలేదు. తరువాత, "నువ్వు చెప్పినట్టే కానీ అమ్మా" అన్నారు. వెనక నుంచి మరో బండి గుద్దితే ఆ సీటులో ఉన్నవారి కాళ్ళకూ ఆ బండికీ నడుమ ఒక్క రేకే అడ్డమని ఆయనకు మాత్రం తెలియదా? ఎంత బాగు చేసినా 1964 నాటి బండి 1964 నాటి బండే. బాగుచేయడమంటే దాని లోపాలు కూడా తెలిసి నడపడమే.

ముందు సీటులో నేనూ మా మనవడూ కూర్చున్నాము. పన్నెండో మైలు దగ్గర వుడ్వర్డ్ దారిలోకి తిరిగాము. రోడ్డుకు రెండు వైపులా జనం మడత కుర్చీలు వేసుకొని, గొడుగులు పెట్టుకొని, మన రథోత్సవానికి వచ్చినట్టు కూర్చున్నారు. మెరిసే ఎర్రకార్లూ, రెక్కల కార్లూ, పందెపు కార్లూ పోతుంటే కేకలు వేస్తున్నారు. మన లేత ఆకుపచ్చ ఏనుగు వచ్చేసరికి మాత్రం కేకలు ఆగేవి. జనం లేచి నిలుచునేవారు. వయసు మళ్ళినవారు చెయ్యి చాపి పక్కవారికి వెనక భాగాన్ని చూపించేవారు. ఒక పెద్దామె రోడ్డు అంచుదాకా వచ్చి, "మా ఇంట్లోనూ ఇదే ఉండేది! ఇది ఇంకా ఉన్నదా?" అన్నది. ఆ రోజు ఆ మాట నేను కనీసం పదిసార్లు విన్నాను. ఎర్రకారును చూచి ఎవరూ ఆ మాట అనలేదు. ఎందుకంటే ఆ కారు అప్పుడు వారి ఇంట్లో లేదు. వారి ఇంట్లో ఉన్నది ఇదే.

ఎండ ఎక్కువైనాక ఒక చెట్టు నీడన పక్క వీధిలో బండి ఆపాము. పంతులుగారు తాళం చెవి తిప్పారు. అద్దం దిగింది, తలుపు వాలింది. ఇంజను ఆగి ఉన్నది గనుక కోడలి ఆజ్ఞకు భంగం లేదు. మూడో వరుస సీటును ఎత్తి నిలబెట్టారు. ఆయన మనవడు, మనవరాలు, మా మనవడు ముగ్గురూ ఎక్కి వెనకకు తిరిగి కూర్చున్నారు. కాళ్ళు తలుపు మీద చాపుకున్నారు. ఎదురుగా వుడ్వర్డ్ దారిలో బండ్లు పోతూనే ఉన్నాయి.

కాసేపటికి కోడలమ్మ తన కారులో మజ్జిగలాంటి చల్లటి పాలపానీయం తెచ్చి అందరికీ ఇచ్చింది. తాను కూడా తలుపు అంచున కూర్చున్నది. పంతులుగారు బండి పక్కన వంగి, చిటికెన వేలితో తూములను ఒక్కొక్కటే తడిమి చూస్తున్నారు. ఆకులేమైనా అడ్డం పడ్డాయేమోనని.